మా అమ్మ కొన్న ఇత్తడి తాళం

మా చిన్నప్పుడు... తిరుపతిలో మా ఇంటి వీధి తలుపుకు తాళమే లేదు. నిజమండీ, కొననే లేదు. ఇల్లు ఖాళీగా ఉంటే కదా తాళంతో పని!

కొండకు వచ్చే చుట్టాలు... చుట్టాల చుట్టాలు... తెల్లారేసరికి అరుగు నిండా మూటలు, గుండ్లు కొట్టించుకున్న పిల్లలు. అందరికీ నీళ్లు కాచి, వండి, దారికి పులిహోర పొట్లాలు కట్టిచ్చేది మా అమ్మ. ఎండాకాలం సెలవులు మాకే, ఆమెకు కాదు. అందరూ తిని లేచాక పొయ్యి పక్కనే గొంతుక్కూర్చుని నాలుగు ముద్దలు మింగేది.

అలా వచ్చిన మనిషే కుప్పమ్మ. పులికాట్ సరస్సులో ఒక దీవి ఆమె ఊరు. చేపలు పట్టుకుని బతికే వాళ్లు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చి, లాడ్జి దొరక్క మా అరుగు మీద పడుకున్నారు. పోయేటప్పుడు అమ్మ చేతులు పట్టుకుని, "ఒక్కసారి మా దీవికి రాక్కా... నువ్వు ఊరికే కూసుంటే సాలు, నేనొండి పెడతా" అంది.

ఊరికే కూర్చోవడం... ఆ మాట అమ్మ మనసులో పడిపోయింది.

మరుసటి ఎండాకాలం, నాయన అన్నం తింటుంటే చెప్పేసింది. "పిల్లోళ్లకు సెలవులిచ్చినారు. దీవికి పోదాము."

నాయన వాళ్లమ్మ, మా జేజి, చేతిలో వక్క నోట్లో వేసుకోకుండా ఆగిపోయింది. "ఆడ ఏం దేవుడుండాడే?"

మా ఇంట్లో ప్రయాణమంటే మొక్కు తీర్చుకోవడమే మరి! కాళహస్తి, కాణిపాకం... దేవుడు లేని ఊరికి ఊరికే చూడ్డానికి బస్సెక్కిన మనిషి మా వంశంలో లేడు.

"దేవుడు లేడత్తా. నీళ్లుండాయి. సూసొస్తా" అంది అమ్మ.

ఇక చూడండి రభస! పక్క వీధిలో ఉండే పెద్దనాయన వచ్చి మరీ అరిచాడు. "తిరుపతిలో ఇల్లు పెట్టుకోని తాళమేస్తారంటనా? కొండకొచ్చినోళ్లు వాకిట్లో నిలబడిపోతే మన పరువేం గావాల?"

ఆ సాయంత్రం అమ్మ బజారుకు పోయి ఇత్తడి తాళం కొనుక్కొచ్చింది... ఇంత లావుది! వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేలా వాకిలి పక్క మేకుకు తగిలించింది. నాయన దాన్ని చేత్తో పట్టుకుని బరువు చూసి, "మంచి తాళమే" అన్నాడు. అబ్బ, ఆ మాటకు నేనూ తమ్ముడూ ఎగిరి గంతులేశాం. జేజి మాత్రం మూట సర్దుకుని పెద్దనాయన ఇంటికి వెళ్లిపోయింది.

సూళ్లూరుపేట దాకా బస్సు... అక్కడి నుంచి ఇంకో బస్సు... ఆ తర్వాత తెరచాప పడవ. నీళ్లు లోతు లేని చోట గడకర్రతో తోశారు. తాళంచెవి అమ్మ కొంగుకు ముడేసి ఉంది. ఆమె నీళ్లలో వేళ్లు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగా ఉండాయబ్బా!" అని పకపకా నవ్వింది. అమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఏం చూశామంటారా... ఎండలో ఆరేసిన వలలు. ఇసుకలో అడ్డంగా పరుగెత్తే ఎండ్రకాయలు. పొడుగు కాళ్ల కొంగలు చలికాలంలో గుంపులు గుంపులుగా ఉంటాయట, మేం పోయేసరికి కొన్నే మిగిలాయి. తాటిచెట్ల కింద ముంజలు కొట్టిస్తే తమ్ముడు బొటనవేలితో పొడిచి జుర్రుకుని చొక్కా అంతా తడుపుకున్నాడు. అంతే. టికెట్టూ లేదు, గైడూ లేడు.

మధ్యాహ్నం కుప్పమ్మ గుడిసె ముందు నీడలో ఆకులేసింది. మట్టిచట్టిలో రొయ్యల పులుసు, అందులో పచ్చిమామిడి ముక్కలు. ఆ వాసనకే నోరూరిపోయింది. అమ్మ అలవాటు చొప్పున గరిటె కోసం లేచింది. కుప్పమ్మ భుజం పట్టి కూర్చోబెట్టేసింది. "ఈడ వడ్డించేది నేనక్కా! నువ్వు తిను."

అమ్మ తిన్నది... నింపాదిగా, వేళ్లు నాక్కుంటూ. "ఇంకొంచెం పులుసెయ్యి కుప్పమ్మా" అని అడిగింది కూడా. మా ఇంట్లో ఆ మాట అడిగేది మేం, వేసేది ఆమె. అంతలోనే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమెక్కువైందా అక్కా?"

"లేదు. పెండ్లయి వచ్చినాక నన్ను కూసోబెట్టి ఎవురూ ఒడ్డించలేదు."

నాయన తలెత్తలేదు. ఆకులోని అన్నం అలాగే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి అరుగు మీద పెద్దనాయన సిద్ధంగా ఉన్నాడు, వెనక పెద్దమ్మ. నగరి నుంచి చుట్టాలు వచ్చి, మా తలుపుకు తాళం చూసి, పెద్దనాయన వాళ్లింటికి వెళ్లారట. "నలుగుర్లో తలెత్తుకోలేకుండా చేసినావు గదమ్మా!" అని అందుకున్నాడు.

అమ్మ కొంగు ముడి విప్పి, తాళం తీసి, నెమ్మదిగా అడిగింది. "వాళ్లు అన్నం తిన్నారా బావా?"

"తినకేం, మీ అక్క వండింది."

"మరింకేం బావా! కొండ యాడికీ పోలేదు, వచ్చినోళ్లు పస్తులుండలేదు. వచ్చే ఎండాకాలం గూడా పోతా. అప్పుడు మా అక్కను గూడా తీసుకోనిపోతా."

పెద్దనాయన నోరు తెరిచేలోపే వెనక నుంచి పెద్దమ్మ, "నేనొస్తాను" అంది.

వచ్చింది కూడా! జేజి మాత్రం చివరిదాకా "దేవుడు లేని ఊరు" అని దెప్పుతూనే ఉండేది. దెప్పనీ.

ఇప్పుడు ఫేసుబుక్కు తెరిస్తే చాలు... దీవులు, నీలం నీళ్లు, దీవికి పోతే ఏం చూడాలి, ఏం తినాలి అని ప్రశ్నలు. మా తిరుపతిలో అరుగులూ పోయాయి, చుట్టాలూ లాడ్జీల్లోనే దిగుతున్నారు. అమ్మ లేదు. ఆ తాళం నా దగ్గరే ఉంది.

ఏ దీవికైనా పోండి, ఏదైనా తినండి... వెంట అమ్మను తీసుకుపోండి, ముందు ఆమెకు ఆకు వేయించండి. మీ అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటే ఇంకొకరు వడ్డించడం మీరు ఎక్కడ చూశారో కింద రాయండి, చదువుకుంటాను.

ఎక్కడా చూడలేదా? అయితే ఈ సాయంత్రమే బజారుకు పోయి ఒక తాళం కొనుక్కురండి.