విప్పేసిన గూడబాతు

మొన్న తుపాను వానలో తాడేపల్లిగూడెంలోని మా ఇంటికి పార్సెల్ తెచ్చినతను గుమ్మంలో నిలబడి, తల మీది ఉన్ని టోపీ తీసి నీళ్ళు పిండుకున్నాడు. ఇంచుమించు నా వయసు మనిషే. చొక్కా కంపెనీది, సంచీ కంపెనీదే, ఏ సందులో మళ్ళాలో చేతిలో ఫోను చెబుతూనే ఉంది.

"కంపెనీలో ఉద్యోగమాండీ?" అని అడిగాను.

"ఉద్యోగమెక్కడిదండీ బాబూ, మమ్మల్ని పార్ట్‌నర్లంటారు. లేటయితే మాత్రం పార్ట్‌నర్ గారికి అక్షింతలు పడిపోతాయండి," అని నవ్వి, మళ్ళీ వానలోకి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళినా తడిసిన ఉన్ని వాసన వరండాలో ఉండిపోయింది. ఆ వాసన నా చిన్నతనానిది. దాని వెనకే, నలభై ఏళ్ళ కిందట నన్నొకరు అడిగిన ప్రశ్న కూడా వచ్చి నిలబడింది. దానికి నేను సగం జవాబే చెప్పాను. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎప్పుడు వచ్చినా, ఆ సగాన్నే మొత్తంగా చెప్పుకున్నాం. మిగతా సగం రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ఏలూరులో మా నాన్నకి తివాచీలు నేయించే రేకుల షెడ్డు ఉండేది. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క పెరడే అడ్డం కాబట్టి బడి లేని రోజుల్లో నా కాపురం అక్కడే. ఎండాకాలంలో రేకులు పెనంలా కాలుతుంటే మగ్గాల కింద పరిచిన తడి గోనెల మీద బోర్లా పడుకుని, ఎవరో తెచ్చిన తాటిముంజల్ని బొటనవేలితో పొడిచి నీళ్ళు పీల్చుకుంటూ, పైన బల్ల మీద వరసగా కూర్చున్న నేతగాళ్ళ పాదాలని చూసి ఏవి ఎవరివో గుర్తుపట్టడం మా పిల్లల ఆట. వానలు పట్టాయంటే రంగు వేసిన ఉన్ని ఓ పట్టాన ఆరేది కాదు. మా వంటింటి దండెం మీదా, మంచం కోళ్ళ మీదా, చివరికి అమ్మ పూజగది తలుపు మీదా ఎర్రవీ నీలివీ ఉన్ని చిలపలు వేలాడుతుంటే, ఇల్లంతా గొర్రెల మంద నిద్రపోతున్నట్టు ముక్క వాసన వేసేది. అమ్మ విసుక్కుంటూనే వినాయక చవితి ఉండ్రాళ్ళు మొదట షెడ్డుకే పంపేది. చలికాలం వస్తే రంగులు కాచే గాబుల పొయ్యి చుట్టూ చేరి, బూడిదలో చిలగడదుంపలు కప్పెట్టి, వేళ్ళు కాల్చుకుంటూ తినేవాళ్ళం.

పొద్దున్నే దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని ఇనప కడ్డీతో కొట్టడం నా పని. నేను కొడితేనే పని మొదలు. నాన్న గుమ్మంలో నిలబడి, ఎవరు ఆలస్యంగా వచ్చినా పల్లెత్తు మాట అనకుండా చేతి గడియారం వైపు చూసుకునేవాడు. నిజానికి ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. అందరినీ మెత్తగానే పిలిచేవాడు, అందరూ ఆయన మాటే వినేవారు.

నేతగాళ్ళలో పెద్దవాడు ఏసోబు. కైకలూరు దాటాక కొల్లేటి అంచు పల్లె వాళ్ళది. పొలం ప్రతి ఏడూ ముంపులో పోతుంటే విసిగి, పెళ్ళాన్నీ చంటిపిల్లనీ తీసుకుని ఏలూరు వచ్చేశాడు. ఎదురుగా వేలాడే డిజైను గళ్ళకాగితం చూసి రంగులు పైకి చదివేది అతనే. "ఎరుపు రెండూ, పసుపొకటీ, నీలం మూడూ" అని అతను రాగం తీస్తే, మిగతావాళ్ళు ముడులు వేసి "ఆయ్" అనేవారు. ఆ రాగానికే నాకు మధ్యాహ్నాలు నిద్ర పట్టేది. అతని క్యారేజీలో చేదుపరిగెల పులుసు ఉంటే షెడ్డంతా తెలిసిపోయేది. క్రిస్మస్ ముందు వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, మిగిలిపోయిన ఉన్ని పోగులతో దానికి కుచ్చులు వేలాడదీసేవాడు. పండగ మర్నాడు వాళ్ళావిడ మరియమ్మ పళ్ళెంలో అరిసెలూ జంతికలూ పెట్టి, మీద చేతిరుమాలు కప్పి తెచ్చేది. మా పెద్దలు పిలిచినట్టే మేమూ "ఒరే ఏసోబూ" అనేవాళ్ళం. అతను "ఏంటి బాబూ" అని పలికేవాడు.

ఒక క్రిస్మస్ ముందు, పెద్ద తివాచీ అంచులో, కాగితంలో లేని బొమ్మ ఒకటి లేచింది. అరచేయంత గూడబాతు. కింద సంచీలా వేలాడే ముక్కు, ఒక కాలెత్తి నిలబడిన తీరు. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. "మా కొల్లేరుదిది, నాలుగు రోజుల్నుంచీ చేతుల్లో ఆడతా ఉంది బాబూ," అన్నాడు. దాని పైన జానెడు మేర నేత సాగాక నాన్న చూశాడు.

"బావుంది ఏసోబూ. కానీ ఇది మన కాయితంలో లేదే?"

"ఆయ్, లేదండి. సరదాకేసేనండి."

"ఇక్కడ నీ సరదా ఎందుకొచ్చిందిరా?" అన్నాడు నాన్న, మెత్తగానే.

"ఇప్పేత్తానండి."

అడ్డపోగులు లాగుతూ, ముడి తరవాత ముడి కత్తిరించి పీకుతూ, గూడబాతు దాకా వెనక్కి వెళ్ళారు. నేనూ పక్కన కూర్చుని ముక్కు దగ్గరి పసుపు ముడులు పీకాను. ఆ పోగులు నా నిక్కరు జేబులో కొన్నాళ్ళుండి ఎటో పోయాయి. వాటి స్థానంలో కాగితంలో ఉన్న ఆకులే మళ్ళీ లేచాయి.

నేను పదో తరగతికి వచ్చేసరికి ఏసోబుకి చూపు మందగించింది, ఉన్ని ధూళికి దగ్గు పట్టుకుంది. నేతగాళ్ళంతా కలిసి లేబరాఫీసులో అర్జీ పెట్టారు, తాము షెడ్డు పనివాళ్ళమనీ, జబ్బు చేస్తే పనివాళ్ళకి దక్కేవి తమకీ దక్కాలనీ. నాన్న మాట ఒకటే: "వాళ్ళు ఎవరికి వాళ్ళేనండీ. ఉన్ని నాది, నేత వాళ్ళది. వాళ్ళకి తోచింది నేస్తారు, నేను కొనుక్కుంటాను."

ఒక సాయంత్రం ఆఫీసరు గారు మా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అమ్మ కాఫీ పంపింది. ఏసోబు మెట్ల కింద నిలబడ్డాడు. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, "ఏం బాబూ, నువ్వెప్పుడూ షెడ్డులోనే ఉంటావటగా? వీళ్ళు సొంతంగా ఏమైనా నేస్తారా?" అని అడిగారు.

"ఒకసారి ఏసోబు గూడబాతు నేశాడండి," అన్నాను.

ఆయన కలం పరుగెత్తింది. కింద నుంచి ఏసోబు, "అది ఇప్పించేసేరండి," అన్నాడు. ఆయన తలెత్తి, "అవునా బాబూ?" అని మళ్ళీ నన్నే అడిగారు.

విప్పేసిన ముడి మచ్చ మిగల్చదు. చూసినవాళ్ళు చెబితేనే అది ఉన్నట్టు. నాన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే, భయపడ్డానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఏసోబు మాత్రం చూశాడు, "ఆయ్" అనడానికి సిద్ధంగా ఉన్నవాడిలా. నేను కాఫీ గ్లాసు కింద పడ్డ నీటి చక్రాన్ని వేలితో చెరుపుతూ ఉండిపోయాను.

"చిన్నవాడు, వాడికేం గుర్తుంటుంది లెండి. కాఫీ చల్లారిపోతోందండీ," అన్నాడు నాన్న.

అర్జీ కొట్టేశారు. వాళ్ళు పనివాళ్ళు కారట, స్వతంత్ర కాంట్రాక్టర్లట. మా వైపు కాంట్రాక్టరంటే రోడ్లు వేయించి, బుల్లెట్టు మీద తిరిగే మనిషి. మర్నాటి నుంచి మిగతా నేతగాళ్ళు ఏసోబు చిరిగిన చెప్పుల్ని చూపించి, "ఏవండోయ్ కాంట్రాక్టరు గారూ, కారెక్కడ పెట్టేరండీ?" అనేవారు. "డ్రైవరు సెలవెట్టేడ్రా," అని అతనూ నవ్వేవాడు. నేను ఎప్పటిలాగే రైలుపట్టా కొట్టాను, కాంట్రాక్టర్లందరూ ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చి బల్ల మీద కూర్చున్నారు. దగ్గు ఎక్కువై రంగులు చదవలేకపోతున్నాడని ఆ వానాకాలంలోనే నాన్న ఏసోబుని మాన్పించాడు. పెట్టే బేడా ఒక రిక్షాలో పట్టాయి. కొల్లేటికి తిరిగి వెళ్ళి చేపల చెరువుకి కాపలా కుదిరాడని తర్వాత విన్నాం. కొన్నేళ్ళకి షెడ్డూ మూతపడింది, మేం తాడేపల్లిగూడెం వచ్చేశాం. నాన్న పోయి చాలా కాలమైంది.

పార్సెలతను వచ్చి వెళ్ళిన వారానికి బస్సెక్కాను. ఏలూరులో మా షెడ్డు చోట ఫంక్షన్ హాలు లేచింది. రంగుల పొయ్యి ఎక్కడుండేదో నాకే తెలియలేదు. కైకలూరు దారిలో చిన్నప్పుడు నేను చూసిన నీటి మైదానం పోయి, గట్లు కట్టి గళ్ళుగా కోసిన చెరువులే కనిపించాయి. అడగ్గా అడగ్గా ఇల్లు దొరికింది. ఏసోబు అల్లుడు ఐసు కొట్టు నడుపుతున్నాడు, ముసలాయన ఆ కొట్టు ముందే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గొంతు విని గుర్తుపట్టాడు.

"చిన్నబాబు గారా! ఎంత పెద్దోరైపోయేరండీ!"

అల్లుడు నాకు కూల్‌డ్రింకు ఇస్తూ, "మా మావగారు ఒకప్పుడు కాంట్రాక్టరంటండీ, గవర్నమెంటే ఒప్పుకుందంట. అంత యాపారం ఎక్కడ ముంచేసేడో అడిగితే చెప్పడు," అని కన్ను గీటాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో పాతబడిన హాస్యమని నవ్వులోనే తెలిసింది. ఏసోబూ నవ్వాడు, ఆ రోజు డ్రైవరు సెలవన్నప్పటి నవ్వే. అల్లుడు వెళ్ళి మిషను వేసి ఐసు దిమ్మలు ఆడించడం మొదలుపెట్టాడు.

నేను కుర్చీ దగ్గరగా లాక్కుని, చెప్పాలనుకున్నది నెమ్మదిగా చెప్పసాగాను. ఆయన మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకెందుకండి బాబూ, నేనక్కడే ఉన్నాను కదండీ. మా అల్లుడికి చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి, ఆ మోతలో ఇనపడదు."

లేచి కొట్టు గుమ్మం దాకా వెళ్ళాను. గొంతు పెంచడం మా ఇంట్లో నేర్పలేదు. అయినా, మిషను మోత మీంచి, ఐసు కోసం నిలబడ్డ వాళ్ళందరూ తిరిగి చూసేలా అన్నాను:

"మీ మావగారు ఏ వ్యాపారమూ ముంచలేదండీ. ఆయన కాంట్రాక్టరు కాదు. మా నాన్న గంట కొట్టించిన వేళకి వచ్చి, మా నాన్న చెప్పిందే నేశారు. మా నాన్న విప్పమంటే విప్పారు. ఆ సంగతి నాకు తెలుసు. అడిగినప్పుడు నేను చెప్పలేదు. ఏసోబు గారూ, నన్ను క్షమించండి."