ఓడ దిగిన తర్వాత

మా పక్కింటి ఆంటీ పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆఫీసుకని ట్రామ్ ఎక్కబోతుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది." ట్రామ్ వెళ్ళిపోయింది. నేను స్టాప్‌లో బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, దాని వెనకే ఆమె చేసిన అల్లరి గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఆంటీని తలుచుకుంటే ఇప్పటికీ అంతే, రెండూ కలిసే వస్తాయి.

ఆంటీది ఆఫ్రికా పశ్చిమ తీరంలో ఫ్రీటౌన్. నర్సు చదువుకని వయసులో ఉండగా ఇంగ్లండు వచ్చి, ఇక్కడ నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో కాన్పులు చేసి చేసి రిటైరయ్యారు. మేము అనంతపురం నుంచి వచ్చి ఈ వీధిలో దిగిన రోజు, సూట్‌కేసులు ఇంకా గుమ్మంలో ఉండగానే, గిన్నె మీద గుడ్డ కప్పుకొని వచ్చారు. గుడ్డ తీసి చూస్తే అలసంద వడలు! మా అమ్మ చేసినట్టే, అంచులు కరకరలాడుతూ. "మేం అకరా అంటాం, పండక్కీ, పెద్దలను తలుచుకునే రోజుకీ చేస్తాం," అన్నారు. "మేమూ అంతే ఆంటీ," అన్నాను. ఆ గిన్నె మా రెండిళ్ళ మధ్య ఏనాడూ ఖాళీగా తిరగలేదు.

ఎవరు ఏం చెప్పినా చివరిదాకా విని, "తర్వాత?" అనేవారు. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానంటే తర్వాత? మా ఆయనకు ప్రమోషన్ వచ్చిందంటే తర్వాత? మొదట్లో నాకు చిరాకు వేసేది. "కాన్పు గదిలో పని చేసినదాన్ని. బిడ్డ పుట్టగానే అందరూ ఫోటోలు తీసుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది," అనేవారు.

ఆ ప్రశ్న ఒకసారి మా వీధిలో పెద్ద గొడవ పెట్టింది.

మా వీధి చివర నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. అందరం కెప్టెన్ అనే పిలుస్తాం. కమ్యూనిటీ హాల్లో వేయడానికి ఆయన ఒక నాటకం రాశారు. ఒకప్పుడు ఆఫ్రికా మనుషులను పట్టి, ఓడల్లో కుక్కి, సముద్రం అవతల అమ్మేవాళ్ళు. ఆ వ్యాపారంలో బ్రిటన్ కూడా బాగా సంపాదించుకుంది. తర్వాత తనే దాన్ని నిషేధించి, అలాంటి ఓడలను పట్టుకోవడానికి నౌకాదళాన్ని పంపింది. కెప్టెన్ గారి పూర్వీకుడొకాయన ఆ నావికుల్లో ఉన్నాడట. నాటకమంతా ఆ వేటే. మా అమ్మాయికి పదమూడేళ్ళు. సంకెళ్ళు తెగే పిల్ల వేషం దానికి ఇచ్చారు.

రిహార్సల్‌కు ఆంటీ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. చివర్లో నావికుడు సంకెళ్ళు విప్పి "మీరు స్వేచ్ఛాజీవులు!" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆంటీ కొట్టలేదు.

"తర్వాత?"

"తర్వాతేముంది? విడుదలయ్యారు. అంతే," అన్నారు కెప్టెన్.

"ఆ పూట అన్నం ఎక్కడ తిన్నారు?"

"మేడమ్, ఇది ఓడల మీద నాటకం."

"నేను ఆ ఓడ దిగినవాళ్ళ మనిషిని, కెప్టెన్. మీ నావికులు రాకపోతే నేను పుట్టేదాన్నే కాదు, దానికి దణ్ణం పెడతాను. కానీ మీ తెర మరీ తొందరగా పడుతోంది."

ఆయన ముఖం ఎర్రబడింది. నాటకం నచ్చనివాళ్ళు రానక్కర్లేదన్నారు. ఆంటీ టోపీ సర్దుకొని లేచి వెళ్ళిపోయారు. మా అమ్మాయి బట్టలు మార్చుకొని నా పక్కకొచ్చి, "ఐ'మ్ నాట్ డూయింగ్ ఇట్, అమ్మా," అంది. ఇంకో ఇద్దరు పిల్లలు కూడా మానేశారు. నాటకం ఆగిపోయేలా ఉంది.

కొన్నాళ్ళకు మేం ఆంటీ వంటింట్లో ఉండగా తలుపు చప్పుడైంది. కెప్టెన్ వానలో తడిసి నిలబడి ఉన్నారు. "ఓడ ఒడ్డుకు చేరేదాకే నాకు తెలుసు. తర్వాతిది మీరు చెప్పండి," అన్నారు. ఆంటీ ఒక్క మాట దెప్పలేదు. తువ్వాలు ఇచ్చి, కూర్చోబెట్టి, ప్లేటులో అకరా పెట్టి మొదలుపెట్టారు.

ఆమె అవ్వకు అవ్వ, నావికులు పట్టుకున్న అలాంటి ఒక ఓడలో వచ్చిన చిన్నపిల్ల. పక్కన ఇంకో పిల్ల. ఒకరి భాష ఒకరికి రాదు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఫ్రీటౌన్ ఒడ్డున దిగాక పెద్దవాళ్ళలో కొందరిని పటాలంలో చేర్చుకున్నారు, కొందరిని కూలికి మళ్ళీ ఓడెక్కించి వెస్టిండీస్ పంపారు. రోగాలతో చాలామంది పోయారు. ఈ పిల్లలిద్దరినీ చెరో ఇంట్లో పనికి పెట్టారు. ఇద్దరూ పెద్దయ్యాక ఒక సంతలో ఎదురుపడి గుర్తుపట్టుకున్నారు. అప్పటికి ఇద్దరికీ ఒకే భాష వచ్చు. ఆ ఊళ్ళో అందరూ కలిసి పుట్టించుకున్న భాష అది. ఇళ్ళు కట్టారు, బడి పెట్టారు, పిల్లల్ని చదివించారు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు తోబుట్టువులన్నట్టే, ఈనాటికీ ఆ రెండిళ్ళ మధ్య పెళ్ళి సంబంధం కలుపుకోరు.

కెప్టెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పిల్ల పేరేంటి?" అన్నారు.

ఆంటీ ఆయన ప్లేటులో ఇంకో అకరా వేశారు. "ఇంటి బయటివాళ్ళు ఈ మాట అడగడం ఇదే మొదటిసారి," అన్నారు. "ఒడ్డున ఒక ఇంగ్లీషు పేరు రాశారు. వాళ్ళమ్మ పెట్టింది మోరెనికే. అపురూపంగా చూసుకోవడానికి ఒక మనిషి దొరికింది అని అర్థం."

కెప్టెన్ తన వేట సీనును సగానికి కోసుకున్నారు. ఆయనకది ఎంత కష్టమో మాకందరికీ తెలుసు. ఆ చోట ఆంటీ చెప్పింది చేర్చారు, మానేసిన పిల్లలూ తిరిగొచ్చారు.

నాటకం ఒక శనివారం మధ్యాహ్నం వేశారు. హాలు నిండిపోయింది. ఒడ్డున పేర్లు రాసుకునే దొర మా అమ్మాయిని నీ పేరేమిటని అడగాలి. అది ఇంట్లో కూడా గొంతు పెంచని పిల్ల. అది తలెత్తి, వెనక వరసల దాకా వినపడేలా, "మోరెనికే!" అంది. ముందు వరసలో ఆంటీ ఒక్క ఉదుటున లేచారు. తనను పిలిచినట్టే, చెయ్యెత్తి బదులు పలికారు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. పక్కన కెప్టెన్ ఏడుస్తున్నారు, దాచుకోవడం లేదు.

ఆంటీ అంత్యక్రియల్లో ఆయనే మాట్లాడారు. "నేవీలో ఎన్నో చూశాను. ఇంత సంతోషంగా ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు," అని కూర్చున్నారు.

ఆ శనివారం ఇంకొకటి జరిగింది. నాటకం చివర, ఓడ దిగినవాళ్ళు కొండ మీద తాము కట్టుకున్న ఊరికి నడిచి వెళ్ళాలి. స్టేజీ చాల్లేదు. ఆంటీ స్టేజీ ఎక్కి పిల్లల్ని కిందికి దింపి, తలుపులు తెరిపించి రోడ్డు మీదికి నడిపించారు. మా వీధి కొండలా పైకెక్కుతుంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, పైగా తుంపర. అయినా ముందు ఆమే, వాళ్ళ భాషలో పాడుతూ. వెనక పిల్లలు, నావికుల వేషాల్లో ఉన్నవాళ్ళు, ఆ వెనక జనం. ఎదురుగా వచ్చిన సిటీ బస్సు ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపి తలుపు తెరిచాడు. ఇదేమిటో తెలియకపోయినా, బస్సులోని వాళ్ళు ఒక్కొక్కరే దిగి, గొడుగులు విప్పుకొని, ఆమె వెనక కొండెక్కారు.