అక్క చూసిన తోకచుక్క

పొద్దున మనవరాలు పేపరు పట్టుకొచ్చి, "నాయినమ్మా, ఆరేండ్లకోసారి వచ్చే తోకచుక్క మళ్ల భూమి దగ్గరికెంచి పోతదంట" అంది. ఆ చుక్క మాటెత్తగానే నాకు ముందు గుర్తొచ్చేది నా పాత కుళ్లే.

పందొమ్మిది వందల ముప్పైల్లో, పాతబస్తీలో మాది పాల వ్యాపారం. కింద బర్రెలు, పైన మిద్దె. మా బావగారు ఆకాశాన్ని చూసే సర్కారీ ఆఫీసులో నౌకరు. ఓ రోజు అక్కడ అడిగి చేతి దుర్బీను తెచ్చారు. తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చిందని, పొద్దుగూకగానే అందర్నీ మిద్దె ఎక్కమన్నారు. కొత్త కోడలిని, అందరికంటే ముందు మెట్ల దగ్గరికి ఉరికాను. మా అత్త కొంగు పట్టి ఆపింది. "కడుపుతోని ఉన్నవు బిడ్డా, దాన్ని సూడొద్దు. పోరగానికి మచ్చలైతయి" అంటూ నన్ను దాణా అర్రలో కూర్చోబెట్టి, కిటికీకి గోనెసంచి కట్టి మరీ తలుపేసింది. తవుడు వాసన పీలుస్తూ మిద్దె మీది కేకలు విన్నాను. అందరికంటే ఎక్కువసేపు చూసింది బావగారి భార్య, నా తోటికోడలేనట.

ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని గానీ, ఆనాటి నుంచి ఆమెను చూస్తే ఒళ్లు మంట. ఎట్లుండె అని ఎన్నిసార్లు అడిగినా "ఏముందే, సుక్కనే" అని పాలు కొలుచుకునేది. ఆ వైభోగమంతా తానే దాచుకుంటోందని పళ్లు నూరుకునేదాన్ని. అంత గీర దేనికో! ఆరేళ్లకు చుక్క మళ్లీ వచ్చింది. నా కర్మ కొద్దీ అప్పుడు రెండోవాడు కడుపులో ఉన్నాడు. అదే అర్ర, అదే గోనెసంచి. అక్క మళ్లీ మిద్దె మీద.

మూడోసారి వచ్చేనాటికి అత్త పోయింది. నన్ను ఆపేవాళ్లు లేరు. దుర్బీను అక్క చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆమె నా భుజం పట్టి పడమటికి తిప్పింది. కనబడింది. గచ్చు మీద ఒలికిన పాలచుక్కంత. తోకన్నా సరిగ్గా లేదు.

"గింతేనా అక్కా? దీనికోసమా నేను ఇన్నేండ్లు ఏడ్సింది?"

నవ్వుతుందనుకున్నాను. వాకిట్లో నా పిల్లలిద్దరూ లొల్లి పెడుతుంటే అటే చూస్తూ నిలబడింది.

"గింతనే చెల్లె. రెండుసార్లు గింతనే. నన్ను గూడ ఎవలన్న అర్రల వెట్టి తలుపేస్తే మంచిగుండు అనుకుంట సూసిన."

ఆమెకు పిల్లల్లేరు. అది నాకు తెలియని సంగతేం కాదు. ఆ దాణా అర్రతో కలిపి ఒక్కనాడూ ఆలోచించలేదు, అంతే.

ఆమె పోయి చాలా కాలమైంది. చుక్క మాత్రం చెప్పిన ఏడాదికి వస్తూనే ఉంది. అక్క ఎదురుచూసింది ఏ ఆరేళ్లకూ రాలేదు.