మూడు చెనక్కాయ చెట్లు

నాయన పోయాక నాలుగు నెలలు నేనెవరితోనూ మనసు విప్పలేదు. అన్న నన్ను అనంతపురంలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాడు. తన గదిలో ఎదురుగా కూర్చుని ఆమె ఏమడిగినా నేను గోడ గడియారాన్నే చూశాను. ఆమె విసుక్కోలేదు. "వచ్చే వారం నేనే మీ చేనికొస్తా" అంది.

అన్నట్టే వచ్చి, కొంగు దోపుకుని, నా పక్క సాలులో కలుపు తీయడానికి కూర్చుంది. ముందురోజు పడిన వానకు ఎర్రమట్టి మెత్తగా ఉంది. ఎంతసేపైనా ఆమె ఒక్క ప్రశ్నా వేయలేదు. తిరిగి చూస్తే ఆమె చేతిలో గడ్డితోపాటు మూడు చెనక్కాయ చెట్లు! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం మేడమ్, కండ్లు కనపడల్యా? అది మా నాయన దాపెట్టిన విత్తనం!"

నాయన పేరెత్తగానే ఏడుపు తన్నుకొచ్చింది. సాలు చివరిదాకా ఆయన గురించే చెప్పాను. ఆమె తలెత్తకుండా, కలుపు తీస్తూనే అంతా వింది.

తర్వాత ప్రతి వారమూ వచ్చింది. మరో చెట్టు పోలేదు. ఆమె గోరంట్ల వైపు రైతుబిడ్డని, పుట్టి పెరిగింది చెనక్కాయ చేలల్లోనేనని పంట ఇంటికొచ్చాక తెలిసింది. ఆ మూడు చెట్ల సంగతి నిలదీశాను.

"ఆ గదిలో నీకు కోపం తెప్పించేది ఒక్కటీ లేకపాయ కదమ్మా" అంది.