మద్రాసు నుంచి రాని షటిల్

1966లో నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. తెనాలి బజారులో ఒక చిన్న గది, గోడ నిండా మేకులు, మేకులకు తోలు బెల్టులు, బల్ల మీద విప్పదీసిన కుట్టుమిషన్లు నాలుగైదు. అదీ నా షాపు. వారంలో ఐదు రోజులు అక్కడ కూర్చునేవాణ్ణి. మిగిలిన రెండు రోజులు రేకుపెట్టె పట్టుకుని ఒక వారం రేపల్లె రైలు, ఇంకో వారం బాపట్ల రైలు ఎక్కేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇదే పని చేశాను. ఎన్ని మిషన్లు బాగుచేశానో నాకే తెలియదు గానీ, బాగున్న మిషన్ను కావాలని పాడుచేసింది మాత్రం ఒక్కటే. ఆ సంగతి చెబుతాను.

ఆ వయసులో నాకు కాస్త పొగరు ఉండేది. గుమ్మంలోంచి చప్పుడు వింటే చాలు, ఏ భాగం అరిగిందో చెప్పేవాణ్ణి. దర్జీలు ఆశ్చర్యపోతుంటే లోపల పొంగిపోతూ, పైకి మాత్రం ఇదేం పెద్ద విషయం అన్నట్టు మొహం పెట్టేవాణ్ణి. అలాంటి రోజుల్లో బాపట్లలో ఒక దర్జీ షాపులో పని చేస్తుంటే, గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. పేరు దేవదానం. తాలూకా ఆఫీసులో గుమాస్తా.

"అబ్బాయ్, మా ఇంట్లో తొక్కుడు మిషనుంది. దాన్ని చేత్తో తిప్పుకునేలా మార్చగలవా? మా ఆవిడ తొక్కలేదు."

"ఎందుకండి?"

"కీళ్ళవాతం. పదేళ్ళనుంచీ ఉంది. బొంతలు కుడుతుంది. ఆ చేతుల్తో ఒక్కో కుట్టూ వేస్తుంటే నేను చూడలేకపోతున్నానయ్యా," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు, గొడుగు పిడి వైపు చూశారు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో చాప మీద, గోడకు ఆనుకుని ఆమె కూర్చుని ఉన్నారు. కరుణమ్మ టీచరుగారు. క్రైస్తవ మిషనరీల బడిలో పాఠాలు చెప్పి, సుద్దముక్క పట్టుకోలేని పరిస్థితి వచ్చాక ఉద్యోగం మానుకున్నారట. నలభై అయిదేళ్ళుంటాయి. ఎడమచేతి వేళ్ళు అప్పటికే లోపలికి ముడుచుకుపోయాయి. నేను చూడనట్టు నటించాను. ఆమె నటించనివ్వలేదు.

"చూడు నాయనా, పరవాలేదు. ఎడమచెయ్యి అలిగి కూర్చుంది. ఇంక మాట్లాడదు. కుడిచేతిని బతిమాలుకుంటున్నాను," అన్నారు నవ్వుతూ.

డాక్టరు ఆమెకు చెప్పింది ఒకటే మాట. వేళ్ళు కదుపుతున్నంత కాలం కదులుతాయి, ఆపితే బిగుసుకుపోతాయి. కుడిచెయ్యి కూడా పోతే అన్నం తినడానికి, తల దువ్వుకోవడానికి, ఆదివారం గుడికి పోతే పాటల పుస్తకంలో కాగితం తిప్పడానికి ఇంకొకళ్ళు కావాలి. ఆమె బొంతలు కుట్టేది ఈ చెయ్యి నిలబెట్టుకోవడానికి.

నేను పెట్టె తెరుస్తుండగానే వసారా ముందు సందడి మొదలైంది. కొళాయికి బిందెలతో వెళ్ళే ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, బిందె కింద పెట్టి, మెట్టెక్కి వస్తున్నారు. టీచరుగారి పక్కన దూది కూరిన చిన్న దిండు, దాని నిండా సూదులు, డబ్బాలో రంగురంగుల దారాలు. వచ్చిన ప్రతి ఆమె రెండు మూడు సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోతోంది. ఎక్కిస్తున్నంతసేపూ కబుర్లే. ఎవరి పిల్లాడికి జ్వరం తగ్గింది, ఎవరి గేదె ఈనింది, కర్లపాలెంలో ఎవరి చెల్లెలికి ఏడో నెల.

వాళ్ళు వెళ్ళాక టీచరుగారు వివరించారు. ఉదయం పూట ఆమె వేళ్ళు కొయ్యలా ఉంటాయి. పదకొండు దాటితే కాస్త సడలుతాయి. కుట్టు వెయ్యగలరు గానీ, సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆమె వల్ల కాదు. అందుకని ఊళ్ళోవాళ్ళు పొద్దున్నే ఎక్కించిపోతారు. ఆ రోజుకు దిండు మీద ఎన్ని సూదులుంటే అన్ని బారుల కుట్టు.

దీన్ని మొదలుపెట్టింది పాలు పోసే కోటమ్మ. చిన్నప్పుడు టీచరుగారి దగ్గరే చదువుకుంది. ఉద్యోగం మానేశాక టీచరుగారు ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారట. ఎవరొచ్చినా మాట్లాడేవారు కాదట. తల్లి లేని కోటమ్మ నెలలు నిండిన కడుపుతో వచ్చి, రెండు పాత చీరలు మంచం మీద పెట్టి, "పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టేవాళ్ళు నాకెవరూ లేరు టీచరుగారండీ," అందట. చంటిబిడ్డను కొత్తబట్టలో పడుకోబెట్టరు మా వైపు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంతే కావాలి. "సూదిలో దారం ఎక్కించలేనే," అన్నారట ఈమె. "అది నేనెక్కిస్తాగా," అందట కోటమ్మ.

ఆ తరవాత ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె కుట్టిన బొంత మీదే పడుకుంది. ఎవరికి నచ్చిన రంగు దారం వాళ్ళు ఎక్కించేవారు కాబట్టి బొంత మీద కుట్లన్నీ కలగాపులగంగా ఉండేవి. ఎర్రది కోటమ్మది, ఆకుపచ్చది ఎదురింటి ముసలమ్మది అని ఆమె వేలితో తడుముతూ చెప్పారు. నేను వింటూనే ఉన్నాను గానీ నా కళ్ళు మిషను మీద ఉన్నాయి. ఇక్కడే నేను తప్పు చేశాను.

పని మాత్రం బ్రహ్మాండంగా చేశాను, ఒప్పుకోవాలి. ట్రెడిల్, అంటే కాలితో తొక్కే పలక, దాన్ని విప్పేశాను. పక్కనుండే హ్యాండ్ వీల్ చక్రానికి లావుపాటి చెక్క పిడి బిగించి, పట్టుకోనక్కర్లేకుండా అరచేత్తో తోస్తే తిరిగేలా చేశాను. ప్రెషర్ ఫుట్ అని గుడ్డను అదిమిపట్టే పాదం ఉంటుంది, దాని స్ప్రింగు వదులుచేసి ఆరు పొరల చీరలు దూరేలా చేశాను. లావు గుడ్డలకు వాడే పద్దెనిమిదో నంబరు సూది వేశాను. అన్నీ అయ్యాక, గర్వం ఆపుకోలేక అన్నాను:

"ఇంక మీకు ఎవరితోనూ పనిలేదండి. నేను ఒక్కసారి దారం ఎక్కిస్తే రీలు అయిపోయేదాకా మళ్ళీ సూది వంక చూడక్కర్లేదు."

దేవదానంగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. టీచరుగారు "చాలా బాగా చేశావు నాయనా," అన్నారు. ఆ గొంతులో ఏదో తగ్గింది. మిషను చప్పుడు వినడం తెలిసినవాణ్ణి, మనిషి గొంతు వినడం అప్పటికి నాకు తెలియదు.

రెండు నెలల తరవాత, అడక్కుండానే, నా పనితనం చూసుకుందామని వెళ్ళాను. వసారా ఖాళీగా ఉంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. టీచరుగారు లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నా గొంతు విని లేచి కూర్చోబోయారు. కుడిచెయ్యి మంచానికి ఆనించారు. చూపుడువేలు తప్ప మిగిలినవి సగం ముడుచుకుని ఉన్నాయి.

"మిషను ఇబ్బంది పెడుతోందాండి?"

"లేదు నాయనా, బంగారంలా నడుస్తుంది. నాకే ఓపిక ఉండటం లేదు."

నేను నమ్మలేదు. మిషన్లోనే ఏదో లోపం ఉండాలి అనుకున్నాను. వసారాలో కూర్చుని మొత్తం విప్పాను. నూనె వేశాను, తిప్పాను. నిజంగానే బంగారంలా నడుస్తోంది. నేను బాబిన్‌కి చుట్టి ఇచ్చిన దారం దాదాపు అలాగే ఉంది. మిషను మీద కుట్టిన బొంత ఒకే ఒక్కటి, మడతపెట్టి మూల ఉంది. కుట్లన్నీ తెల్లగా, తిన్నగా, ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు. ఎవరికీ ఇవ్వలేదు దాన్ని.

అంతలో పాలకుండతో కోటమ్మ అటుగా పోతోంది. ఆగకుండా పోతోంది.

"అమ్మా, సూదులకి రావడం మానేశారా?" అని పిలిచాను.

"ఇంకేం పనన్నయ్యా మాకక్కడ? మిషను దానంతటదే కుట్టేస్తుందంట గదా. నువ్వేగా చెప్పావంట, ఎవరితో పన్లేదని," అంది. కోపం లేదు ఆ మాటలో, చిన్నబోవడం ఉంది. "ఊరికే పోయి కూర్చోడానికి మాకు తీరికేదీ? పనుంటే వస్తాం గానీ."

నాకు అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో చక్కగా నడుస్తున్నది ఒకటి ఉండేది. అది మిషను కాదు. దాన్ని పట్టుకుని విప్పి పక్కన పడేసింది నేను. ఆమె నోరు తెరిచి "రండి" అనే మనిషి కాదు. పని లేకుండా వచ్చి కూర్చునే వీలు వాళ్ళకు లేదు. ఆ సూదులే ఇద్దరికీ మధ్య దారి. ఆ దారి మూసుకుపోతే ఆమె మళ్ళీ గోడవైపు తిరిగారు. ఆ వెనకే కుడిచెయ్యి కూడా తిరిగిపోతోంది.

సిగ్గేసింది. తోచినది వెంటనే చేశాను. షటిల్ అని మిషను అడుగున ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. కింది దారాన్ని పై దారంతో ముడివేసేది అదే. అది లేకపోతే మిషను ఉత్త ఇనుము. దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. వేసుకుని, వీధి వీధంతా వినపడేలా గొంతు పెంచాను.

"షటిల్ విరిగిందండి టీచరుగారూ! ఈ రకం ఇక్కడ దొరకదు. మద్రాసు నుంచి రావాలి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను!"

కోటమ్మ కుండ దించి అక్కడే నిలబడి ఉంది. నేను ఆమె మొహం చూడలేక పెట్టె సర్దుకోసాగాను.

"అయితే ఆ కర్లపాలెం పిల్లకి బొంతెట్టా? వచ్చే నెలేగా పురుడు," అంది కోటమ్మ, నన్ను కాదు, గుమ్మాన్ని అడిగినట్టు. కాసేపటికి లోపల మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని టీచరుగారు వసారాలోకి వచ్చారు. కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

"దిండు ఎక్కడ పెట్టానో మరిచిపోయాను కోటమ్మా. వెతుకు," అన్నారు.

కోటమ్మ మొదటి సూదిలో ఎర్రదారం ఎక్కించింది. ప్రాయశ్చిత్తంగా నేనూ ఒకటి అందుకున్నాను. నా జేబులో ఎప్పుడూ ఉండేది నల్ల రీలు. అదే ఎక్కించాను.

కుడిచెయ్యి పూర్తిగా వెనక్కి రాలేదు. అబద్ధం చెప్పను. చిటికెనవేలు, దాని పక్క వేలు ముడుచుకునే ఉండిపోయాయి. మిగిలిన మూడింటితో ఆమె పదేళ్ళకు పైగా కుట్టారు. సూది వెనక నుంచి వేలితో నెట్టలేకపోతున్నారని చూసి, షాపులో ఉన్న తోలు ముక్క కోసి అరచేతికి కట్టుకునే పట్టీ చేసిచ్చాను. నేను ఆ ఇంటికి చేసిన అసలైన రిపేరు అదొక్కటే. నొప్పి ఎక్కువైన రోజు ఒక బారు, తగ్గిన రోజు నాలుగు బారులు. ఏమీ కుట్టలేని రోజు కూడా సూదులు ఎక్కించే పని మాత్రం ఆగలేదు. "బడిలో ఎంతమందిని చూశానో గానీ అంత మొండి విద్యార్థి నా కుడిచెయ్యే," అనేవారు ఆమె. అంత ఓర్పున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

బాపట్ల వెళ్ళినప్పుడల్లా ఆమె కళ్ళజోడు పైనుంచి చూసి అడిగేవారు, "స్పేరు వచ్చిందా నాయనా?"

"మద్రాసు నుంచి ఇంకా రాలేదండి," అనేవాణ్ణి. ఒక సూది ఎక్కించి వచ్చేసేవాణ్ణి.

1973లో మాకు అమ్మాయి పుట్టింది. మూడో నెలలో ఎత్తుకుని వెళ్ళాం. టీచరుగారు మా ఆవిడ ఒళ్ళో ఒక బొంత పెట్టారు. వసారా నిండా ఆడవాళ్ళు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం బారుల మధ్య అక్కడక్కడా నల్లటి కుట్టు కనిపించింది. ఏళ్ళ తరబడి నేను ఎక్కించిపోయిన సూదుల్ని ఆమె విడిగా దాచిపెట్టారు, నా బిడ్డ కోసం.

ఇంక దాచడం నావల్ల కాలేదు. పెట్టె అడుగునుంచి షటిల్ తీసి ఆమె ముందు పెట్టాను. "విరగలేదండి. ఆ రోజు నేనే తీసుకుపోయాను," అన్నాను.

వసారా అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నువ్వు జేబులో వేసుకోడం నేను చూశాగా అన్నయ్యా! ఆ సాయంత్రానికే వీధంతా తెలుసు," అంది. దేవదానంగారు కిటికీ వైపు తిరిగి నవ్వుతున్నారు.

"బడిలో ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పినదాన్ని. అబద్ధమాడే గొంతు నాకు తెలియదా?" అన్నారు టీచరుగారు. మూడువేళ్ళతో షటిల్‌ని మెల్లగా నావైపే జరిపారు. "పెట్టెలో పెట్టెయ్. మద్రాసు నుంచి అప్పుడే ఎక్కడొస్తుంది?"

ఆ రోజు నుంచి ఏ ఇంటికి పిలిచినా పెట్టె తెరిచే ముందు కాసేపు ఊరికే కూర్చుని, అక్కడ ఏది బాగా నడుస్తోందో చూడటం అలవాటు చేసుకున్నాను. పని ఎక్కడ పాడైందో తరవాత చూడొచ్చు. షటిల్ మళ్ళీ పెట్టెలో పెట్టేశాక, ఆ ఉదయం మాత్రం నాకు చేసే పనేమీ మిగల్లేదు. టీచరుగారు దిండు నా ముందుకు తోశారు. ఇంకా రెండు సూదులు ఖాళీగా ఉన్నాయి.