చెవి మేస్త్రీ పళ్లతో విన్న ఇంజను

ఆ షెడ్డులో మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి మేకుకు వేలాడుతూ ఉంటుంది. దానితో మర తిప్పగా చూసినవాళ్లు లేరు. నడుస్తున్న ఇంజనుకు దాని మొన ఆనించి, చెక్కపిడిని కుడిచెవికి అదిమిపెట్టి, మేస్త్రీ కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "వాటర్ పంపు బేరింగు. ఇంకో నెల లాగుతుంది, ఆపైన మొరాయిస్తుంది" అంటాడు. విప్పి చూస్తే అక్షరాలా అదే. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి కాబట్టి ఆ వీధిలో ఆయనకు చెవి మేస్త్రీ అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ చెవి నాలుగు నెలలుగా పనిచేయడం లేదు.

మొదట్లో దూది కుక్కినట్టు అనిపించింది. మేస్త్రీ తప్పంతా స్క్రూడ్రైవర్ మీదికి నెట్టి, పిడి మార్చాడు. తర్వాత ఈ కాలపు ఇంజన్లు మూగవని తిట్టాడు. ఒకరోజు పొద్దున పొయ్యి పక్కనే, కుడిచెవి అటుండేలా కూర్చుని పేపరు చదువుతుంటే, కుక్కరు తొమ్మిది కూతలు కూసి, లోపలున్న పప్పు బొగ్గయింది. "వినపడలేదా?" అని భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఆలోచనలో ఉన్నాలే" అన్నాడు. ఎడమచెవి మాటలు వింటుంది గానీ బేరింగులు వినదు. అది పనిమంతురాలు కాదు, కుడిచెవి వెంట ఊరికే తోడొచ్చిన చుట్టం. చెవి మేస్త్రీకి చెవి పోయిందని బయటపడితే ఆ షెడ్డుకు ఇక వచ్చేదెవరు? అందుకని నోరు మూసుకుని, మామూలుగా పిడిని చెవికి పెట్టుకుని, మామూలుగా కళ్లు మూసుకుని, అంచనా మీద బండి నడిపిస్తున్నాడు.

ఆయన మాట్లాడని లోటంతా బావమరిది తీరుస్తుంటాడు. స్పేర్‌పార్టుల కొట్లో గుమాస్తా. అందరూ గెజెట్ అంటారు. కార్ల పత్రికలు తప్ప ఇంకేమీ చదవడు. "టయోటావాళ్లు ముందు మగ్గాలు చేసేవాళ్లు బావా. మాజ్దావాళ్లు బెండు అమ్మేవాళ్లు. పెజో అయితే కాఫీగింజలు పొడి చేసే మరలు! లంబోర్గినిది ట్రాక్టర్ల వ్యాపారం!" అని ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. ఏ ఇంజనుకు ఎన్ని సీసీలో, పత్రికలవాళ్లు వేసే నమ్మకం పట్టికలో ఏ బండి ఏ వరుసలో ఉందో నిద్రలో లేపి అడిగినా తడుముకోడు. ఇంతా చేసి వాడు పాన పట్టగా చూసినవాళ్లు లేరు. చేతికి మసి అంటితే అరగంట కడుక్కుంటాడు.

ఆ రోజు హెడ్‌మాస్టరమ్మ తన కారు తెచ్చింది. ఆవిడ రిటైరై ఎనిమిదేళ్లు, కారుకు ఇరవై రెండేళ్లు. వారం కిందటే ఆయిలు మార్పించుకుని వెళ్లింది. ఆ వేళ మేస్త్రీ ఫిల్టరు కోసం వెళ్తే షెడ్డుకు కాపలా కూర్చున్నది గెజెట్టే. అప్పుడు బండి పువ్వులా నడిచింది. ఇప్పుడు టక్ టక్ టక్ అంటోంది.

"రేపు పాత ఇనుము వాళ్లు వస్తారయ్యా. మా అల్లుడు మాట్లాడేశాడు," అంది. "ఇది బతుకుతుందో లేదో నువ్వు చెప్పు. నీ చెవి ఎలా అంటే అలాగే."

గెజెట్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "చెప్పడానికేముంది టీచరమ్మా! ఈ ఇంజనుకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. నమ్మకం పట్టికలో కింద నుంచి నాలుగోది. ఇనుము వాళ్లకే ఇచ్చేయండి."

"నిన్ను అడిగానా?" అంది హెడ్‌మాస్టరమ్మ. వాడు చేతులు దించాడు.

పక్కన తన బండికి పంక్చరు వేయించుకుంటున్న టాక్సీ డ్రైవరు కూడా తమాషా చూడటానికి వచ్చి నిలబడ్డాడు. మేస్త్రీ ఇంజను స్టార్టు చేయించి, స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఏమీ లేదు. దూది గోదాములో నిలబడ్డట్టుంది. ఇంకా గట్టిగా అదిమాడు. చెమటకు పిడి జారి దవడ ఎముక మీద పడింది.

ఒక్క క్షణం ఇంజను చప్పుడు తలలోకి వచ్చి పోయింది.

మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. పిడిని లుంగీ అంచుతో తుడిచి, పళ్లతో గట్టిగా కరిచిపట్టాడు.

"బావా, తింటున్నావా ఏంటి దాన్ని?" అన్నాడు గెజెట్.

పలకడానికి మేస్త్రీ నోరు ఖాళీ లేదు. నాలుగు నెలల తర్వాత ఇంజను మళ్లీ ఆయనతో మాట్లాడుతోంది. ట్యాపెట్లు కుట్టుమిషనులా సమంగా ఆడుతున్నాయి. మొన కిందికి దించితే బేరింగుల దగ్గర నున్నటి గుర్రు తప్ప ఏమీ లేదు. చైను దగ్గర కూడా అంతే. ఇరవై రెండేళ్ల ఇంజను ఎక్కడా దగ్గడం లేదు. ఆ టక్ టక్ మాత్రం ఎడమచెవికి బయటినుంచి వినిపిస్తోంది, పళ్లలోకి రావడం లేదు. ఇనుము ఇనుముకు కొట్టుకుంటే ఇనుములోంచే రావాలి. ఇందులోంచి రావడం లేదంటే అది దెబ్బ కాదు, ఎక్కడినుంచో తప్పించుకుంటున్న గాలి.

స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీసి, "సబ్బునీళ్లు" అన్నాడు.

ఆవిడ ఇల్లు పక్కవీధే కాబట్టి ఇంజను ఇంకా వేడెక్కలేదు. ఒక్కొక్క స్పార్కు ప్లగ్గు మొదలు దగ్గర నాలుగేసి చుక్కలు వేశాడు. ఒకటి, రెండు మెదలకుండా ఉన్నాయి. మూడోదాని చుట్టూ బుడగలు టక్ టక్ మంటూ పొంగాయి.

మేస్త్రీ ఇంజను ఆపాడు. బావమరిది వైపు తిరగకుండానే, మామూలు గొంతుతో, "ఒరేయ్, ఈ బండికి ఏ కంపెనీ ప్లగ్గులున్నాయో చెప్పగలవా?" అని అడిగాడు.

గెజెట్ ముఖం వెలిగిపోయింది. "ఎందుకు చెప్పలేను! మిగతావన్నీ ఒక కంపెనీవి, మూడోది మాత్రం వేరే. చివరి అంకె కూడా ఒకటి తేడా. అలా కలిపి వాడకూడదు బావా, పత్రికలో…"

"మూడోది పోయినేడు నేనే మార్చాను. ఆ రోజు అదే దొరికింది. అయితే, విప్పితే తప్ప ఆ అంకె కనపడదే?"

అందరికంటే ముందు టాక్సీ డ్రైవరు నవ్వాడు.

"అదీ… కంపెనీ పేరు ఒక్కసారి చూద్దామని…" అన్నాడు గెజెట్. "మళ్లీ పెట్టేశాను బావా!"

"పెట్టావు. బిగించలేదు," అన్నాడు మేస్త్రీ.

"విప్పడం చదువుకున్నావు సరే," అంది హెడ్‌మాస్టరమ్మ, "బిగించడం ఆ తర్వాతి పేజీలో ఉంటుంది కదా, తిప్పలేదేం నాయనా?"

మేస్త్రీ ప్లగ్గు పాన తీసి బావమరిది చేతిలో పెట్టాడు. నలుగురి ముందు పట్టిన మొదటి పాన. వాడు పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇంకొంచెం. చాలు. చాలన్నానా!" మళ్లీ స్టార్టు చేస్తే బండి గుక్క తిప్పుకోకుండా పాడింది. హెడ్‌మాస్టరమ్మ అక్కడే అల్లుడికి ఫోను చేసి, ఇనుము వాళ్లకు ఇంకేదైనా చూపించమంది. ఫోను పెట్టేసి మేస్త్రీని ఎగాదిగా చూసింది.

"ఇదివరకు చెవికి పెట్టుకునేవాడివిగా? పళ్లెందుకొచ్చాయి?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముప్పై నాలుగేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"చెవి పోయిందమ్మా. నాలుగు నెలలైంది."

మేస్త్రీ స్క్రూడ్రైవర్‌ను మేకుకు తగిలిద్దామని తిరిగాడు.

"పోతే పోయింది, పళ్లున్నాయిగా," అన్నాడు టాక్సీ డ్రైవరు. "దాన్ని అప్పుడే తగిలించకు మేస్త్రీ. గేరు బాక్సులో ఏదో మూలుగుతోంది, నా బండిని కూడా ఓసారి కొరికిపెట్టు."

మర్నాటికి ఆ ముక్క వీధంతా పాకింది. పొద్దున్నే ముగ్గురు వచ్చి, "చెవితో వద్దు, పళ్లతోనే చూడు" అని పట్టుబట్టారు. ఒకాయన బండిలో అద్దాలు తుడిచే వైపరుకు తప్ప దేనికీ జబ్బు లేదు. అయినా కొరికించుకునే వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నానికి వెళ్లేసరికి స్క్రూడ్రైవర్ ముందే ఇంటికి చేరి ఉంది. దాన్ని గెజెట్ చేత తెప్పించి, భార్య మూడుసార్లు సబ్బుతో తోమి, గరిటెల వరసలో తగిలించింది.

"ముప్పై ఏళ్ల మడ్డి నోట్లో పెట్టుకున్నారా? ఇకనుంచి ఇది ఇక్కడే ఉంటుంది. పొద్దున తీసుకెళ్లండి, సాయంత్రం కడగడానికి ఇవ్వండి." అన్నం వడ్డించి పక్కన కూర్చుంది. "ఎల్లుండి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. పేరు రాయించేశాను."

మేస్త్రీ ముద్ద కలుపుతూ ఆగాడు. ఆవిడ ఎప్పుడూ కూర్చునేది కుడివైపు. ఇప్పుడు ఎడమవైపు ఉంది.

"ఎప్పటినుంచి ఇటు కూర్చుంటున్నావు?"

"పప్పు మాడిన రోజు నుంచి," అంది ఆవిడ. "చారు పోయనా?"