గుర్రానికి రాని ఉలవకట్టు

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, మెరీనా బీచ్ ఇసుకలో పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పేవాడు. ఉన్నది ఒక్కటే గుర్రం. దాన్ని ఇంటి గోడ పక్కన రేకుల కింద కట్టేసేవాడు. ముందు పచ్చగడ్డి, కాసేపాగి దాణా. ఈ వరుస తప్పనిచ్చేవాడు కాదు. "గడ్డి కడుపుకి, ఉలవ ఒంటికి" అనేవాడు. నానిన ఉలవల్ని అత్త వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించేది. ఆ ఉడికిన నీళ్ళే ఉలవకట్టు. మామ అందులో గళ్ళుప్పు వేసి, దాంతోనే వరితవుడు తడిపి, ఉలవలు కలిపి, బాగా చల్లారాక పెట్టేవాడు. తొట్టి అడుగు నాకేదాకా గుర్రం తలెత్తేది కాదు.

మా చర్చి సంఘంలో గురువారం ప్రార్థనకు గృహకూడిక ఒక్కొక్కరి ఇంట్లో జరుగుతుంది. మామ ఇంటి వంతు మాత్రం ఎప్పుడూ దాటిపోయేది. లద్ది వాసన అని ఎవరూ పైకి అనలేదు. ఆ వారం ఎవరికో ఒకరికి జ్వరమొచ్చేది, అంతే. ఒక వానాకాలం మా వీధిలో నీళ్ళు నిలిచి, వేరే దారిలేక అందరూ అక్కడికే వెళ్ళారు. పెట్టడానికి ఏమీ లేక అత్త ఆ కట్టులోనే చింతపండు పోసి చిక్కగా మరగబెట్టి, తిరగమోత పెట్టి, అన్నంలోకి వడ్డించింది.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ ఈ చారు మాకు కనపడకుండా దాచినావా?" అంది సంఘపెద్ద భార్య, మళ్ళీ గిన్నె చాపుతూ.

అప్పటినుంచి కూడిక ఆ ఇంట్లోనే. మిగతా రోజుల్లోనూ చారు కోసం గిన్నెలు వచ్చేవి. కట్టంతా చారుకే పోయేది. అత్త ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మామ తవుడిని ఉప్పునీళ్ళతో తడిపి చూశాడు. గుర్రం మూతి పెట్టి తీసేసింది. బెల్లం కలిపితే బెల్లం వరకు నాకింది. ఉలవలు ఇంకొంచెం పోయిస్తే, గిన్నెలూ ఇంకొన్ని వచ్చాయి. తొట్టిలో మిగిలిన తవుడు అత్త చూడకముందే ఎత్తి పారేసేవాడు.

"అత్తకు చెప్పొచ్చు కదా మామా" అన్నాను.

"ఊరుకోమ్మా. ఇన్నాళ్ళకి నలుగురు ఆమె చేతి కూడు తింటా ఉండారు. కట్టు గుర్రానికి కావాలని చెప్పి గిన్నెలు తిప్పి పంపమంటావా?"

ఒక గురువారం సంఘకాపరి అయ్యగారు, కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదన్న వాక్యం తీశారు. అది సువార్త పనివారి జీవనం గురించిన మాట అని అపొస్తలుడు చెప్పాడని వివరించారు. కూడికల్లో ఎన్నడూ నోరెత్తని మామ గడప దగ్గరనుంచి అడిగాడు.

"అయితే ఎద్దుకేం లేదా అయ్యగారూ?"

అందరూ నవ్వారు. "నీ గుర్రానికి కూడా ఏం లేదులే అన్నా!" అంది ఒకావిడ. అత్త సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారూ నవ్వేసి పాట ఎత్తుకున్నారు.

చిన్నప్పటి ఆదివారపు బడి నుంచీ ఆ భాగం వింటున్నదాన్ని. అపొస్తలుడు చెప్పిన అర్థం నాకు శిరోధార్యమే. కానీ ధర్మశాస్త్రంలో ఆ ఆజ్ఞ మొదట వచ్చింది ఎద్దు పేరు మీదే. ఆ మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. ప్రతి జీవికీ ఆహారమిచ్చే దేవుణ్ణి స్తుతించి, చారు పోసుకున్నాం.

వేసవికి గుర్రం పక్కటెముకలు తేలాయి. బీచ్‌లో ఒక తల్లి బిడ్డను ఎక్కించబోయి, గుర్రం ఒళ్ళు చూసి వెనక్కి తీసుకుంది. మర్నాడే మామ దాన్ని రెడ్‌హిల్స్ అవతల గడ్డినేల ఉన్న ఒకాయనకు ఇచ్చేసి, అంబత్తూరులో వాచ్‌మన్ పనిలో చేరాడు. దానికి వయసైపోయింది, ఇంక మోయలేదు అని అత్తకు చెప్పాడు.

"ఇచ్చేసినావు సరే, ఇంక ఈ ఉలవలెవరు తినేది?" అంది అత్త, ఆ గురువారం కట్టు వంచుతూ.

మామ గిన్నెలో కొన్ని వేసుకుని, ఉప్పు చల్లుకుని, గడపలో కూర్చుని తినసాగాడు.

"చూడండక్కా, గుర్రం పోయి ఈయనొచ్చినాడు!" అని అత్త లోపలున్న ఆడవాళ్ళకు చూపించింది. ఇల్లంతా నవ్వింది. మామా నవ్వాడు.

అత్త ఇప్పటికీ ఆ చారు కాస్తుంది. గుర్రం ఎందుకు చిక్కిపోయిందో ఆమెకు మామ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.